దూకుడుకు రెండు వరుసలు

జనవరిలో బరంపురం నుంచి మనాలి టూరుకెళ్లి, మంచుపై జారే అద్దె స్కీలు కట్టుకుని పడి, మోకాలికి పట్టీతో దిగిన కుర్రాడి గురించి వీధిలో వినిపించేది ఒకటే మాట: ‘వాడి తత్వమే అంత, దూకుడెక్కువ.’ మంచు క్రీడలపై మనస్తత్వ పరిశోధనలు తిరగేసినవాళ్లు కూడా ఇదే మాటను కాస్త మర్యాదగా చెబుతారు. ఇద్దరూ చూడాల్సిన చోట చూడడం లేదు.

ఈ వాదానికి ఆధారం, మనిషిలో సాహసాసక్తి ఎంతో కొలవడానికి మనస్తత్వవేత్త మార్విన్ జుకర్‌మన్ తయారుచేసిన కొలబద్ద. 1964లో మొదలైంది. బాగా వాడుకలో ఉన్న 1978 నాటి రూపంలో 40 ప్రశ్నలు, నాలుగు భాగాలు. ఎత్తైన కొండవాలు మీంచి స్కీలపై జోరుగా జారడం బాగుంటుందనుకుంటారా, లేక అది చంకకర్రలు తెచ్చిపెట్టే పని అనుకుంటారా అన్నది అందులోనే ఒక ప్రశ్న. ఆ కాగితాన్ని స్కీయర్ల చేతికిచ్చి, వీళ్లలో సాహసం పాలు ఎక్కువని తేల్చడమంటే, ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డవాళ్లను ఇడ్లీ ఇష్టమా అని అడిగి రాసుకోవడమే.

కెనడాలో సింథియా థామ్సన్ బృందం స్కీయింగ్‌కు విడిగా ప్రశ్నావళి తయారుచేసింది. మెదడులోని రసాయనం డోపమైన్‌కు సంబంధించిన డీఆర్‌డీ4 జన్యువులో ఒక తేడాకూ ఈ సాహసాసక్తికీ లంకె ఉందని చూపింది. ఒప్పుకుందాం. అయినా దాన్నిబట్టి ఎవరు కొండెక్కుతారో ఊహించవచ్చు గానీ, ఎవరి మోకాలు పోతుందో చెప్పలేం.

మోకాలి సంగతి బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లో ఉంది. ముందు భాగం కాలు మెలిపడినప్పుడు, మడమ భాగం మనిషి ముందుకు తూలినప్పుడు తెరుచుకోవాలి. ఎంత బలానికి తెరుచుకోవాలో స్క్రూ తిప్పి పెడతారు. ఆ అంకె చిన్న కిటికీలో కనిపిస్తుంది. దాన్ని ఒక పట్టిక చూసి తేల్చడానికి దుకాణంవాళ్లు ఫారం మీద అడిగేవి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో, ఆపైన ‘మీరు ఏ రకం స్కీయర్?’ అన్న ప్రశ్న. నెమ్మదిగా జారేవాడు ఒకటో రకం, జోరుగా నిట్రవాలు మీద దూకేవాడు మూడో రకం. 70 కిలోల మనిషి పట్టికలో 67-78 కిలోల వరుసలో పడతాడు. రెండో రకమంటే అక్కణ్నుంచి ఒక వరుస కిందికి, మూడో రకమంటే రెండు వరుసలు. యాభై దాటితే ఒకటి పైకి. వరుస దిగేకొద్దీ బైండింగ్ మరింత బిగుసుకుంటుంది.

స్వభావానికీ ఎముకకూ నిజంగా ముడిపడేది ఇక్కడే. స్నేహితుల ముందు ఒకటో రకం అని చెప్పడానికి నామోషీపడి మూడు అన్నాడా, నెమ్మదిగా పడినప్పుడు స్కీ ఊడకపోవచ్చు, మోకాలు తిరగొచ్చు. అలాగని మరీ వదులైతే మలుపు మధ్యలో ఊడిపోతుంది. బూటు అడుగున గడ్డకట్టిన మంచును గీకకుండా బిగించినా ఆ అంకెను నమ్మడానికి లేదు. అసలు ఫారమే రాయించుకోని దుకాణంలో తీసుకుంటే, ఆ కిటికీలో ఉన్న అంకె నిన్న ఆ స్కీలు కట్టుకున్నవాడిది.

జుకర్‌మన్ కాగితంలో ఇంకో ప్రశ్న ఉంది: చిన్నదైనా గట్టి పడవలో చాలా దూరం పోవాలనుందా? అవునంటే సాహసానికి ఒక మార్కు. దీన్ని గోపాల్‌పూర్ రేవులో మన తెలుగు మాట్లాడే నోలియా జాలర్ల చేతికిస్తే ఏమంటారు? తెల్లవారుజామున కెరటాల వరుస పోయి తెరిపి దొరికేదాకా ఒడ్డున ఆగుతారు. దొరగ్గానే ముక్కు కెరటానికి ఎదురుగా ఉండేలా పడవను తోస్తారు. అడ్డం తిరిగిందంటే బోల్తా. తెరిపి లేకపోతే ఆ పూట వేటే లేదు. ఇందులో ఉద్వేగం కోసం వెతుకులాట ఎక్కడుంది? మనాలి దగ్గరి సోలంగ్ లోయలో ఒక గంట జారేవాడి కంటే వాళ్ల ప్రమాదం తక్కువా?

డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రమాదానికి వ్యక్తిత్వం, ప్రశ్నావళి, జన్యువు. పొట్టకూటి ప్రమాదానికి మాత్రం ‘పాపం, వాళ్ల వృత్తే అంత’ అన్న ఒక్క మాట. ఆ మాట అన్నాక పడవ ఎందుకు అడ్డం తిరిగిందో, ఇంజన్ ఎక్కడ ఆగిందో ఎవరూ అడగరు. మనాలి కుర్రాడి విషయంలోనూ అంతే. తత్వం గురించి వీధంతా మాట్లాడింది, బైండింగ్ ఏ అంకె మీద ఉందని ఒక్కరూ అడగలేదు.