పైన్ కాయలు కొనుక్కొచ్చి ప్రకృతి థెరపీ అంటారా?

హైదరాబాద్‌లో వీకెండ్ వస్తే చాలు, ఎక్కడో ఒకచోట "నేచర్ ఆర్ట్ థెరపీ" పోస్టర్ కనిపిస్తుంది. ఆకులు, మట్టి, రాళ్లలాంటి వాటితో బొమ్మలు చేయిస్తూ మనసు బాగుచేసే పద్ధతి అన్నమాట. తీరా వెళ్తే ఆన్‌లైన్‌లో తెప్పించిన పైన్ కాయలు, పాలిష్ పట్టిన గులకరాళ్లు, గ్లూ గన్. గంటలో ఒక మండల (గుండ్రటి ముగ్గులాంటి బొమ్మ), గ్రూప్ ఫొటో, అయిపోయింది. దాన్ని క్రాఫ్ట్ క్లాస్ అనండి, ఎవరూ కాదనరు. థెరపీలో బొమ్మ అందంతో పనిలేదు. చేస్తున్నప్పుడు ఆ మనిషిలో ఏం కదిలింది, పక్కనున్న థెరపిస్టు అది గమనించారా లేదా, అసలు పని అదీ.

వస్తువులు కింద రాలినవే ఏరాలి. నగరంలోని కేబీఆర్, మృగవని జాతీయ పార్కులు కదా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏమీ తేకూడదు. అపార్ట్‌మెంట్ తోటో, తెలిసినవాళ్ల పొలమో నయం. ఏరేముందు నిర్వాహకులు ఆ చోటంతా తిరిగి చూడాలి. గురిగింజ ఎంత ముద్దుగా ఉన్నా విషమే, ఆముదం గింజ, గన్నేరు, ఉమ్మెత్త కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టనివ్వద్దు, తేళ్లుంటాయి. పుట్టమన్ను జోలికి అసలే పోవద్దు.

మట్టి దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఇసుక, గుప్పెడు తరిగిన గడ్డి కలిపి నీడలో ఆరబెడితే పగుళ్లు తగ్గుతాయి. అయినా కొన్ని వస్తాయి, ఆ సంగతి ముందే చెప్పాలి. అయినవాళ్లను పోగొట్టుకుని వచ్చిన మనిషి తను చేసిన బొమ్మ మర్నాటికి రెండు ముక్కలై కనిపిస్తే తట్టుకోలేకపోవచ్చు. మనిషికి కిలో మట్టి సరిపోతుంది, కుమ్మరి దగ్గర కొనండి. మురుగు కలిసే చెరువుల మట్టి వద్దు. మట్టి ముట్టుకోవడానికే ఇష్టపడని వాళ్లకి పుల్ల ఇవ్వండి, బలవంతం చేయొద్దు.

రంగులకు పసుపు, బొగ్గు, ఇటుక పొడి చాలు. ఒక పాలు తుమ్మబంక రెండు పాళ్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి కలిపితే రంగు పట్టుకుంటుంది. పసుపులో వంటసోడా నీళ్లు వేస్తే ఎర్రబడుతుంది. సున్నంతో ఇంకా బాగా వస్తుంది గానీ కంట్లో పడితే ప్రమాదం, పిల్లలుంటే వద్దే వద్దు. కుంచె కావాలంటే వేపపుల్ల కొస నమిలితే సరి (పందుంపుల్లకి ఇదో ఉద్యోగం). ఎండకి పసుపు వెలిసిపోతుంది, దాన్ని ఆపాలని వార్నిష్ పూయకండి.

ఇక పూలు. బంతి, గులాబీ రేకులు కుప్పగా పోస్తే ఒకరికి బతుకమ్మ గుర్తొస్తుంది, ఇంకొకరికి శవయాత్ర. నిర్వాహకులు చూసి నడిపే విదేశీ వర్క్‌షీట్‌లో ఈ సంగతి ఉండదు. మొదటి పూట పూలు పక్కనపెట్టి ఆకులు, పుల్లలతో మొదలుపెట్టడమే మేలు.

గుంపు ఆరెనిమిది మందికి మించకూడదు, నడిపేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒకరు ఏడ్చి లేచి వెళ్తే రెండోవారు వెంట వెళ్లాలి కదా! ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపు ముగించండి, తర్వాత బండరాయి మీద కూర్చోలేరు. వాకింగ్ ట్రాక్ పక్కన పెట్టకండి, తెలిసినవాళ్లు ఎదురుపడి "ఇక్కడేం చేస్తున్నావ్ రా" అంటే ఆ పూట పని ఆగిపోయినట్టే. అలా జరిగితే ఏం చెప్పాలో మొదటిరోజే అందరూ కలిసి అనుకోవాలి. ఫొటోలు మాత్రం, అడిగి ఒప్పించి కూడా, తీయొద్దు.