క్లాసు ఇప్పుడు ప్లగ్ పాయింట్ దగ్గర జరుగుతోంది
రికార్డు చేసిన పాఠాలు వచ్చాక తరగతి గదికి పనే లేకుండా పోయిందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నాకైతే అలా అనిపించడం లేదు. ఇంజినీరింగ్ కాలేజీలో పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఐఐటీ అధ్యాపకుల వీడియో పాఠాలు ఇచ్చే ఎన్‌పీటెల్ 2003లోనే మొదలైంది, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' 2017లో వచ్చింది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం, కాలేజీ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలోనే చేయొచ్చు. అయినా పిల్లలు కాలేజీకి రావడం మానలేదు, కూర్చునే చోటు మారిందంతే. మా లైబ్రరీలో బీరువాల మధ్య బల్లలు ఖాళీగానే ఉంటాయి. గోడవారగా ప్లగ్ పాయింట్లున్న నాలుగు బల్లలకు మాత్రం పొద్దున తొమ్మిదికే బ్యాగులు పెట్టి సీటు ఆపుకుంటారు. ఇద్దరు ఒకే ఫోన్‌లో వీడియో పెట్టుకుని, చెరో ఇయర్‌ఫోన్ చెవిలో దోపుకుంటారు. ఒకడు ఆపి "ఇదెలా వచ్చిందిరా?" అంటే, రెండోవాడు నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేసి చూపిస్తాడు. నా లెక్కలో అదే క్లాసు. మేమేమో లక్షలు పోసి డిజిటల్ బోర్డు కొన్నాం, దాని మీద పీపీటీలు తప్ప ఇంకేమీ నడవవు (నావి కూడా అంతే). ఆ డబ్బులో కొంతతో ఇంకో ఇరవై ప్లగ్ పాయింట్లు, గట్టిగా మాట్లాడుకోవడానికి ఒక గది ఇచ్చుంటే బాగుండేది. లైబ్రేరియన్ గారు మాత్రం ఇప్పటికీ "సైలెన్స్" అంటూ బల్ల మీద కొడుతూనే ఉన్నారు.