గట్టు లోపలున్న లంకల సంగతేంటండి

గోదావరి వరదల మీద మీ ఆర్టికల్లో ఏటిగట్లు ఎత్తు పెంచితే చాలన్నట్టు రాశారు. 1986 వరద తర్వాత పెంచారు, 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినా గట్టవతల ఊళ్ళు చాలావరకు నిలబడ్డాయి, కాదనను. కానీ మా లంకలు, అంటే ఏటి మధ్య దిబ్బల మీది ఊళ్ళూ తోటలూ, గట్టుకి లోపల, ఏటివైపే కదండీ, గట్టు ఎంత లేపితే మాకేంటి? మునిగిన అరటి మళ్ళీ వేసుకుంటాం, ఒండ్రన్నా పడుద్ది, ఒడ్డు కోతకి ఏట్లో పోయిన కొబ్బరితోట మాత్రం పట్టా కాగితంలోనే మిగులుద్ది. అసలు డేంజర్ వరద తీసేటప్పుడు, నానిన ఒడ్డు అడుగున ఇసక జారి పెళ్ళలు పెళ్ళలుగా ఇరుగుద్ది. దానికి రాతి రివిట్‌మెంట్ (ఒడ్డు వాలుకి రాళ్ళ పేర్పు), గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏట్లోకి కట్టే అడ్డుకట్టలు) కావాలి, అదీ ఎండాకాలంలోనే అయిపోవాలి, జులైలో ఇసక బస్తాలేసి ఫోటోలు దిగితే కాదు. ఒడ్డుపక్కన ఇసక తవ్వకం ఆపకపోతే పోసిన రాళ్ళు కూడా ఏట్లోకే జారతాయి, దీని గురించి మీ ఆర్టికల్లో ఒక్క ముక్క లేదు.