నటన రానక్కర్లేదట!

త్వరలో విశాఖలో చిత్రీకరణ జరుపుకోనున్న ఒక సినిమాకు మనుషులు కావాలంటూ నాలుగు రోజులుగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్న ప్రకటనను నగరవాసుల్లో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు. ఎత్తు ఆరున్నర అడుగులకు తగ్గరాదు, దవడ భారీగా ఉండాలి, చేతులు మామూలు కంటే పెద్దవిగా ఉండాలి, చూడగానే పిల్లలు జడుసుకోవాలి. మాటలు ఉండవు, నటన రానక్కర్లేదు, రోజుకు ఇంతని బేటా ఇస్తారు. ఆ నిర్మాణ సంస్థ పేరు రాసి దానికి ఉచిత ప్రచారం కల్పించే ఉద్దేశం ఈ పత్రికకు లేదు. దాన్ని నవ్వు బొమ్మలు జోడించి మరీ పదిమందికి పంపుతున్నవారిలో నాటకరంగంలో ఏళ్ల తరబడి పనిచేసినవారు కూడా ఉండటం మాత్రం ఊరుకోదగిన విషయం కాదు.

ఆ ప్రకటన రాసినవారికి తెలిసో తెలియకో ఒక రోగ లక్షణాల పట్టికను రాసిపెట్టారు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథిలో కణితి ఏర్పడి పెరుగుదల హార్మోను అదుపు తప్పితే, ఎముకల ఎదుగుదల ఇంకా ఆగని వయసులో మనిషి విపరీతంగా పొడుగవుతాడు. ఆ వయసు దాటాక అయితే దవడ, చేతులు, పాదాలు పెరుగుతాయి. దీన్నే ఆక్రోమెగలీ అంటారు. బయటికి కనిపించేది ఆకారమే కానీ లోపల గుండె పెరుగుతుంది, కీళ్లు అరుగుతాయి, మధుమేహం, రక్తపోటు తోడవుతాయి. ముక్కు ద్వారా చేసే శస్త్రచికిత్స, ఇంజెక్షన్లు, రేడియేషన్ అందుబాటులో ఉన్న ఈ కాలంలో, ఆ లక్షణాలున్న కుర్రవాడిని ఆస్పత్రికి పంపవలసింది పోయి కెమెరా ముందు నిలబడి పిల్లల్ని జడిపించమంటున్నారు. పైగా నటన రానక్కర్లేదట.

ఈ మాట ఎంత తప్పో చెప్పడానికి ఒక నటుడి జీవితం చాలు. ఆయన వర్ధంతి, జయంతి రెండూ సెప్టెంబరులోనే, మూడు రోజుల తేడాతో వస్తాయి. రిచర్డ్ కీల్ 1939 సెప్టెంబరు 13న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టి, 2014 సెప్టెంబరు 10న, 75వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో కన్నుమూశారు. ఆయన పేరు తెలియనివారికి కూడా జేమ్స్ బాండ్ సినిమాల్లో ఉక్కు పళ్లతో కేబుల్ కారు తీగను కొరికేసే ‘జాస్’ గుర్తుంటాడు. ఆయన ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. ఆ ఎత్తుకు కారణం పైన చెప్పిన పెరుగుదల హార్మోను రుగ్మతే.

ఆయనకు అవకాశాలు తెచ్చిపెట్టింది ఎత్తే, వచ్చిన అవకాశాలను గిరిగీసి బంధించిందీ ఎత్తే. 1962లో టెలివిజన్‌లో గ్రహాంతరవాసిగా, అదే ఏడాది సినిమాలో గుహమానవుడిగా కనిపించారు. వేషాల మధ్య పూట గడవడానికి నైట్ క్లబ్బులో బౌన్సర్‌గా ఉన్నారు, శ్మశానంలో స్థలాలు అమ్మారు, 1963 నుంచి 1965 దాకా రాత్రిబడిలో లెక్కలు చెప్పారు. లెక్కల మాస్టారిని తెర మీద రాక్షసుడిగా తప్ప చూడలేకపోయిన పరిశ్రమ అది. 1977లో ‘హల్క్’ టెలివిజన్ చిత్రానికి మొదట ఆయననే తీసుకుని చిత్రీకరణ కూడా మొదలుపెట్టారు. ఎత్తు సరిపోయింది కానీ కండలు చాలలేదని పక్కనబెట్టి కండలవీరుడు లూ ఫెరిగ్నోను తెచ్చుకున్నారు. మనిషిని కొలతలతో కొనేవారు ఆ కొలతలు కాస్త తగ్గగానే మనిషిని వదిలేస్తారనడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అదే 1977లో ‘ది స్పై హూ లవ్డ్ మి’ వచ్చింది. పళ్లతో మనుషులను చంపేవాడి వేషం అనగానే, వాడికి కాస్త మనిషి గుణాలు, అంటే పట్టుదల, విసుగు లాంటివి ఉండాలని నిర్మాతకు సూచించినది కీల్ స్వయంగా. ఆ ఉక్కు పళ్లు ఎక్కువసేపు నోట్లో ఉంచుకోలేనంత బాధ పెట్టేవి. ఒక్క మాట లేని పాత్రలో, నోటినిండా లోహం పెట్టుకుని, గోడ కూలి మీద పడ్డాక లేచి కోటు దులుపుకునే తీరులో ప్రేక్షకులకు నవ్వు తెప్పించడం నటన కాకపోతే ఇంకేమిటో ఆ ప్రకటన రాసినవారే చెప్పాలి. ఆ విలన్‌ను మంచివాడిగా ఎందుకు మార్చరని పిల్లలు ఉత్తరాలు రాశారని దర్శకుడు లూయీ గిల్బర్ట్ తర్వాత చెప్పారు. మార్చారు కూడా. 1979 నాటి ‘మూన్‌రేకర్’ చివర్లో జాస్ బాండ్ పక్షాన నిలబడి, రెండు సినిమాలకూ కలిపి తనకు దక్కిన ఒకే ఒక్క డైలాగు పలికాడు. పిల్లలు జడుసుకునే మొహం కావాలని అడుగుతున్న పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: ఆ మొహానికి ఉత్తరాలు రాసింది పిల్లలే.

కేబుల్ కార్ల మీద పోరాడిన ఆ మనిషికి నిజానికి ఎత్తైన చోట్లంటే భయం; అందుకే ఆ సాహసాలు డూపుతో తీయవలసి వచ్చింది. ఆయన భార్య ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పరిశ్రమ తనకు ఇవ్వని పాత్రను ఆయన తనే రాసుకున్నారు. కొండల్లో బతికే ఒక మెత్తని మనసున్న మహాకాయుడి కథకు సహరచయితగా, నిర్మాతగా, నటుడిగా 1991లో సినిమా తెచ్చారు. బానిసత్వాన్ని ఎదిరించిన కాసియస్ క్లే అనే కెంటకీ నాయకుడి జీవితం మీద మరొకరితో కలిసి పుస్తకం రాశారు. 1992లో కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి శరీరం నిలకడ తప్పాక కూడా ఏదో ఒక ఆసరా పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డారు. నటన రానక్కర్లేదని ఎవరైనా ఆయనతో అని ఉంటే ఆయన జీవితంలో సగం జరిగేది కాదు.

ఇది ఆ దేశం సంగతి, మనకెందుకు అనేవారికి మన ఇంటి సంగతే చెప్పాలి. తెలుగువారికి మహాకాయుడంటే 1957 ‘మాయాబజార్’లోని ఘటోత్కచుడు. గదతో పాటు మమకారం, ఆకలి, చిలిపితనం, అన్నగా బాధ్యత, అన్నీ ఉన్నాయి ఆ రాక్షసుడికి. ఎస్.వి. రంగారావు నటించి ఘటోత్కచుడిని పెద్దవాడిని చేశారే తప్ప, ఎత్తును చూపించి కాదు. ఆ వారసత్వాన్ని ఏటా పొగిడే పరిశ్రమే ఇవాళ నిజంగా ఎత్తైన మనిషి ఎదురైతే నోరు మూసుకుని నిలబడమంటోంది. హీరో ఆరడుగులుంటే ఆజానుబాహుడు, పక్కన ఏడడుగుల మనిషి ఉంటే తాటిచెట్టు. ఈ రెండు నాలుకల ధోరణే ఈ పత్రిక అభ్యంతరం, దీన్ని ఎన్నిసార్లయినా చెబుతాం.

పని దొరకని పొడగరికి నాలుగు రోజులు బేటా వస్తే పత్రికకు బాధ ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే బేటా ఇవ్వవద్దని ఎవరూ అనలేదు. నటుడిగా పిలిచి, ఆడిషన్ చేసి, పాత్ర చెప్పి, నటుడికిచ్చే డబ్బే ఇవ్వమంటున్నాం. నటన రానక్కర్లేదన్న వాక్యం పైకి చూస్తే ఉదారంగా కనిపిస్తుంది, కానీ జూనియర్ ఆర్టిస్టు కూలితో సరిపెట్టడానికి ముందే వేసుకున్న దారి అది. ఇవాళ పొడుగుకు ఈ దారి వేస్తే రేపు పొట్టికి, ఎల్లుండి లావుకు, ఆపైన కాలిన ముఖానికి ఇదే దారి. మనుషులను ఎంపిక చేసే కోఆర్డినేటర్ల చేతిలో ఒక కొలత టేపు ఉంటే చాలు.

చట్టం కూడా ఈ విషయంలో అరకొరగానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మరుగుజ్జుతనం ఉంది, 147 సెంటీమీటర్ల హద్దు కూడా ఉంది. అతి ఎత్తుకు ఆ జాబితాలో చోటు లేదు. సినిమాల్లో దివ్యాంగుల చిత్రణపై 2024 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చి, వైకల్యాన్ని అర్థం చేసుకునే హాస్యానికీ దాన్ని కించపరిచే హాస్యానికీ తేడా చెప్పింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ తేడా చెరిగిపోదు. చట్టంలో లేదు కదా అని తప్పించుకోజూసే నిర్మాతలకు ఆ తీర్పు చదివే ఓపిక ఉంటే మంచిది.

ఈ వ్యాధి తెర మీద పేరు తెచ్చినవారిలో చాలామందిని తొందరగానే తీసుకుపోయింది. కుస్తీ వీరుడు, నటుడు ఆండ్రే ది జెయింట్ 1993లో 46 ఏళ్లకే మరణించారు. మన దేశం నుంచి వెళ్లిన కుస్తీ వీరుడు గ్రేట్ ఖలీ మాత్రం 2012లో పీయూష గ్రంథి కణితికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. అన్నట్టు, 1974లో కీల్ నటించిన జైలు ఫుట్‌బాల్ సినిమాను 2005లో మళ్లీ తీసినప్పుడు అందులో మహాకాయుడి వేషం ఖలీకే దక్కింది. ముప్పై ఏళ్లలో నటుడు మారాడు, వేషం మారలేదు.

ఏ ప్రభుత్వం వచ్చినా విశాఖను సినీ కేంద్రం చేస్తామంటుంది. రుషికొండ, భీమిలి, అరకు అందాలు చూసి వచ్చే యూనిట్లకు ఈ ఊరి మనుషులు కూడా లొకేషన్లలాగే కనిపిస్తే ఆ కేంద్రం మనకు అక్కర్లేదు. సదరు సంస్థ ఆ వాక్యాన్ని తొలగించి కొత్త ప్రకటన ఇవ్వాలి. ఎంపిక చేసుకున్న వ్యక్తిని సెట్టుకు తీసుకెళ్లేముందు తన ఖర్చుతో వైద్యపరీక్ష చేయించాలి. ఆరోగ్యం దెబ్బతినేలా పనిగంటలు పెట్టకూడదు. నాటక కళలకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విభాగమే ఉన్న నగరంలో నటన రానక్కర్లేదన్న ప్రకటనను నవ్వు బొమ్మలతో పంచినవారు, ఈసారి కళాభారతి వేదికెక్కి నటన గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టేముందు, దాన్ని తాము ఎవరెవరికి పంపారో ఒకసారి ఫోను తెరిచి చూసుకోవాలి.