మూల ఇల్లు, మూడు బంతులు

కిందటేడాది ఫిబ్రవరి చివర న్యూజెర్సీలోని మా ఇంటికి సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక కవరు వచ్చింది. పన్నుల కాగితమేమోనని సంతకం పెట్టి తీసుకుని, రెండు రోజులు వంటింటి గట్టు మీదే పడేసి, చివరికి శనివారం ఉదయం కాఫీ తాగుతూ విప్పి చూశాను. మా వీధి మొదట్లో ఉన్న మూల ఇంటిని ఫంక్షన్ హాలుగా, దాని వెనక గ్యారేజీని కేటరింగ్ వంటశాలగా మార్చుకోవడానికి ఏ చోట ఏం ఉండవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనల నుంచి మినహాయింపు కోరుతూ ఒకరు దరఖాస్తు పెట్టుకున్నారని, దాని మీద మా టౌన్‌షిప్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ విచారణ జరుపుతుందని, అభ్యంతరాలున్నవారు వచ్చి చెప్పుకోవచ్చునని అందులో రాసి ఉంది. దరఖాస్తుదారు తెలుగువాడు. మా అమ్మాయి ఓణీల వేడుకకు వంట చేసింది అతనే. ఆనాటి గుత్తివంకాయ కూర సంగతి మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా వీధిలో తెలుగు కుటుంబాలు పదకొండు ఉన్నాయి. కవరు అందిన ఇళ్ళలో ఐదు మనవే. ఆ వారంలో అందరినీ పలకరించి చూశాను. మూల మీద ఫంక్షన్ హాలు రావడం ఒక్కరికీ ఇష్టం లేదు, విచారణకు వచ్చి ఆ మాట చెప్పడానికి ఒక్కరూ సిద్ధంగా లేరు. "మనవాడే కదండీ, రేపు ఏ ఉగాది పండక్కో ఎదురుపడితే మొహం ఎలా చూపిస్తాం?" అన్నారు ఒకరు. మరొకరు, మేయరు గారు మన సంఘం దసరా వేడుకకు వచ్చినప్పుడు ఆయన చెవిన వేస్తే సరిపోతుందన్నారు. సంతకాలు సేకరించి ఒక విజ్ఞాపన పంపుదామన్నవారూ ఉన్నారు. ఈ మూడు మాటలకూ జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

మేయరుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిగ్గా తేలిపోయే విషయం. న్యూజెర్సీలో ఈ వ్యవహారాలను నడిపేది 1975లో చేసిన మునిసిపల్ లాండ్ యూజ్ చట్టం. ఇల్లు మాత్రమే ఉండవలసిన చోట వ్యాపారం పెట్టుకుంటామని అడగడాన్ని 'యూజ్ వేరియన్స్' అంటారు. దాన్ని తేల్చే అధికారం ఏడుగురు సభ్యుల బోర్డుది. వారిలో కనీసం ఐదుగురు ఔనంటేనే అది మంజూరవుతుంది. నలుగురు చాలరు. బోర్డు ఒక విధంగా న్యాయస్థానం లాగానే పనిచేస్తుంది: సాక్షులు ప్రమాణం చేసి చెప్పాలి, ఎదుటివారు వారిని ప్రశ్నించవచ్చు, చెప్పినదంతా రికార్డులోకి ఎక్కుతుంది. అందులో మేయరుకు ఓటు లేదు. సంతకాల విజ్ఞాపన సంగతీ అంతే. సంతకం పెట్టినవారిని నిలబెట్టి ప్రశ్నించే వీలు లేదు గనుక రెండు వందల సంతకాల కట్ట కంటే, వచ్చి నిలబడి తాను కళ్ళారా చూసినదాన్ని చెప్పిన ఒక్క పొరుగింటి మనిషి మాటకే అక్కడ బరువెక్కువ. స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి యజమానికీ కనీసం పది రోజుల ముందు నోటీసు అందాలని, పటాలూ నివేదికలూ పది రోజుల ముందే ఎవరైనా చూసుకునేలా ఉంచాలని చట్టం నిర్దేశించింది కూడా అలా వచ్చి చెప్పేవారు సిద్ధపడి రావాలనే. నేను ఒక మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి టౌన్‌షిప్ కార్యాలయంలో ఆ ఫైలు చదివాను. నాకంటే ముందు చూసినవారి పేర్లు రాసే కాగితం ఖాళీగా ఉంది.

ఇక మొహమాటం. విచారణకు నాలుగు రోజుల ముందు దరఖాస్తుదారే ఫోన్ చేశాడు. "అన్నా, బ్యాంకు కాగితాలన్నీ అయిపోయినయి. మీరు నా తరఫున మాట్లాడనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు" అన్నాడు. "నీ వంట మీద నాకేం ఫిర్యాదు లేదు తమ్ముడూ, నా ఇబ్బందల్లా ఆ మూల మీదే" అన్నాను. అతనికి ఆ మాట తప్పించుకోవడంలా వినిపించిందని తెలుసు. కానీ చట్టం దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. వేరియన్స్ స్థలానికి ఇచ్చేది, యజమానికి ఇచ్చేది కాదు. ఇల్లు అమ్మితే దానితో పాటే అదీ చేతులు మారుతుంది. యజమాని మారినప్పుడు అది రద్దవుతుందని బోర్డు షరతు పెట్టినా చెల్లదని 1987లోనే పాయింట్ ప్లెజెంట్ బీచ్‌కు సంబంధించిన ఒక కేసులో రాష్ట్ర అప్పీలు కోర్టు తేల్చింది. కాబట్టి "అతను మంచివాడు, రాత్రి పదికల్లా మూసేస్తాడు" అన్న మాట నిజమే అయినా, అతను ఐదేళ్ళకు అమ్ముకుని టెక్సస్ వెళ్ళిపోతే ఆ హాలులో ఎవరుంటారో మనకు తెలియదు. మనవాడని ఒప్పుకోవడానికి ఈ చట్టంలో చోటు లేదు. పరాయివాడని అడ్డుకోవడానికీ లేదు.

విచారణ మార్చిలో, ఒక గురువారం రాత్రి జరిగింది. దరఖాస్తుదారు పక్కన లాయరు, ఇంజనీరు, ప్లానరు, ట్రాఫిక్ నిపుణుడు కూర్చున్నారు. మా వైపు మాకు మేమే. హాలులో 120 కుర్చీలుంటాయని, కారుకు ముగ్గురు చొప్పున 40 కార్లకు చోటు చాలునని, జనవరి రెండో వారంలో ఒక మంగళవారం సాయంత్రం తాము లెక్కపెట్టినప్పుడు వీధిలో రద్దీ ఏమీ కనిపించలేదని ట్రాఫిక్ నిపుణుడు ప్రమాణపూర్వకంగా చెప్పాడు.

నా వంతు వచ్చినప్పుడు మూడే ప్రశ్నలు అడిగాను. ఈ హాలు ఎవరి వేడుకల కోసమో వారు మంగళవారం పూట శుభకార్యం పెట్టుకోగా ఎప్పుడైనా చూశారా అన్నది మొదటిది. ఆ వారాలు మాకు పుష్యమాసమని, అందులో ముహూర్తాలే ఉండవని తెలుసా అన్నది రెండోది. మూడోది బంతుల గురించి. 120 కుర్చీలుంటే 120 మందే వస్తారన్న లెక్క ఎక్కడిదని అడిగాను. మన భోజనాల్లో ఒక బంతి లేచాక ఇంకో బంతి కూర్చుంటుంది. బఫే పెట్టినా, వచ్చి అక్షింతలు వేసి తిని వెళ్ళేవారు వెళుతూనే ఉంటారు, వచ్చేవారు వస్తూనే ఉంటారు. బోర్డు అధ్యక్షురాలు 'బంతి' అంటే ఏమిటో చెప్పమన్నారు. రికార్డు రాసుకుంటున్న ఆవిడ స్పెల్లింగ్ అడిగింది. ఒక వేడుకకు ఎన్ని బంతులు లేస్తాయన్న ప్రశ్నకు నిపుణుడి దగ్గర జవాబు లేదు. దరఖాస్తుదారే లేచి, "రెండు, ఒక్కోసారి మూడు" అని నిజం చెప్పాడు. అప్పుడతని మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఎదురింటి ఇటాలియన్ మామ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఫోటోలు ప్రింటు వేయించి తెచ్చారు. సరుకుల వ్యాను వెనక్కి వచ్చే దారి పటంలో గీసిన చోటునే రోజూ మధ్యాహ్నం 3:25కు బడి బస్సు ఆగుతుంది. తొమ్మిది మంది పిల్లలు దిగుతారు. ఆవిడ ఆ ఫోటోలను బల్ల మీద వరసగా పరిచి, ఒక్కొక్కదాని వెనక రాసుకున్న తేదీని చదివి కూర్చున్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తరువాత లేచిన ఒకాయన మాట్లాడినది వింటూ నేను తల దించుకున్నాను. ఆయన కూడా మా పక్షమే. "వీళ్ళ" వంటల వాసన గురించి, "వీళ్ళు" వచ్చాక వీధి మారిపోయిన తీరు గురించి మొదలుపెట్టాడు. బోర్డు లాయరు వెంటనే ఆపి, స్థలం గురించి తప్ప మనుషుల గురించి మాట్లాడవద్దని హెచ్చరించాడు. ఆ మాటలు రికార్డులో ఉన్నాయి. పై కోర్టులో రేపు ఎవరైనా ఆ రికార్డు తిరగేస్తే మామ్మగారి ఫోటోలూ నా బంతులూ కూడా ఆ వాసన కప్పిపుచ్చడానికి తెచ్చినవేనని అనుకోవచ్చు.

అనుకోవడానికి కారణం కూడా ఉంది. ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో 1926లో సుప్రీంకోర్టు జోనింగ్‌కు రాజ్యాంగ ఆమోదం ఇస్తూ, దొడ్లో ఉండవలసిన పంది ముందుగదిలోకి వస్తే ఎలా ఉంటుందో, మంచి వస్తువైనా తప్పు చోట ఉంటే అలాగే ఉంటుందని చెప్పింది. అయితే అంతకు నలభై ఏళ్ళ ముందే, 1886లో, అదే కోర్టు శాన్ ఫ్రాన్సిస్కో లాండ్రీల కేసు చూసింది. చెక్క కట్టడాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని నగరం నిబంధన పెట్టింది. పైకి అది అగ్నిప్రమాదాల సంగతి. ఊరిలోని 320 లాండ్రీల్లో 310 దాకా చెక్కవే. అనుమతి అడిగిన చైనీయులు రెండు వందల మందికి పైగా అందరూ తిరస్కరణకు గురయ్యారు; చైనీయులు కాని 80 మంది దాకా మాత్రం దాదాపు అందరూ యథాప్రకారం నడుపుకున్నారు. మన రాష్ట్రంలోనే బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ఒక మసీదు దరఖాస్తు 39 విచారణల తరువాత 2015 డిసెంబరులో తిరస్కరణ పాలైంది. చర్చిలకు వర్తింపజేసిన పార్కింగ్ లెక్కను మసీదుకు మార్చి, 50 చోట్లకు బదులు 107 అడిగారు. ఫెడరల్ జడ్జి దాన్ని తప్పుపట్టారు. 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. చాలాకాలం ఇళ్ళలోనూ అద్దె హాళ్ళలోనూ దేవుళ్ళను నిలుపుకున్న మనం ఈ చరిత్రను పరాయివాళ్ళదనుకోవడానికి లేదు.

నా బంతుల ప్రశ్న కూడా ఆ గీత దాటిందేమోనని తరువాత చాలాసార్లు ఆలోచించాను. అదే మూలలో పోలిష్ సంఘం వారు హాలు అడిగితే, వాళ్ళ వేడుకలు ఏ రోజున జరుగుతాయో, ఎందరు వచ్చిపోతారో అడిగి ఉండేవాణ్ణా? అడిగి ఉండేవాణ్ణనే అనుకుంటున్నాను, కానీ వాళ్ళ ముహూర్తాలు నాకు తెలియవు గనుక ప్రశ్న అంత పదునుగా ఉండేది కాదు. దరఖాస్తుదారుకు దొరికిన ఇబ్బంది అది: అతని వ్యాపారం లోగుట్టు తెలిసినవాడు అతని భాషవాడే అయ్యాడు.

నన్ను ఎదిరించినవారిలో ఒక మిత్రుడి వాదన మాత్రం గట్టిది. ఇళ్ళు తప్ప ఏదీ ఉండకూడదన్న ఈ పద్ధతి వల్లనే పాల డబ్బా కోసం కారు తీయవలసి వస్తోందని, కొత్తగా వచ్చినవాడికి హైవే మీద అద్దె కట్టే శక్తి ఎక్కడిదని ఆయన అడిగారు. మూల మీద చిన్న కిరాణా కొట్టు వస్తానంటే నేనూ అడ్డం చెప్పను. అయితే నిబంధనే తప్పనిపిస్తే టౌన్‌షిప్ కౌన్సిల్ దాన్ని అందరికీ ఒకేలా మార్చాలి. ఒక్కరికి మినహాయింపు ఇచ్చుకుంటూ పోతే అది లాయరును పెట్టుకోగలవాడికే అందుతుంది. ముందు కట్టేయడం, తరువాత రుసుము కట్టి సరిచేయించుకోవడం మనకు బాగా తెలిసిన దారి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.పి.ఎస్. (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), 2015లో తెలంగాణలో బి.ఆర్.ఎస్. (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) అని ఆ దారికి ప్రభుత్వాలే పేర్లు పెట్టాయి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36ను ఇళ్ళ వీధిగా ఎరిగినవారు మన సంఘంలోనే ఉన్నారు. అక్కడ ఇప్పుడు ఏమున్నదో వారినే అడగండి.

బోర్డులో నలుగురు అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఐదు పడలేదు గనుక దరఖాస్తు వీగిపోయింది. హాలు బయట కారిడార్‌లో అతను నాకు నమస్కారం పెట్టాడు కానీ మాట్లాడలేదు. తరువాత వచ్చిన ఉగాదికి పచ్చడి వడ్డిస్తూ నా వంతు వచ్చినప్పుడు గరిటె నిండా పోశాడు. అది క్షమో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మన సంఘం ఏటా జనవరిలో పన్నుల మీద అవగాహన సదస్సు పెడుతుంది. దానికి ఒక గంట కలిపి, ఈ నోటీసు వస్తే ఏం చదవాలో, బోర్డు ముందు ఏం అడగవచ్చో ఏం అడగకూడదో ఒక స్థానిక న్యాయవాదితో చెప్పించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. హాలు పెట్టదలచుకున్నవారూ వద్దనేవారూ పక్కపక్కనే కూర్చుని వినవలసిన సంగతులు అవి.

పోయిన వారం మళ్ళీ ఒక కవరు వచ్చింది. అదే మూల ఇల్లు. ఈసారి ఒక ప్రార్థనా మందిరం కోసం. ప్రార్థనా స్థలాలకు చట్టం తూచే తక్కెడ వేరు, ప్రజలకు మేలు చేసేవిగా వాటిని ముందే పరిగణిస్తారు. మామ్మగారు గేటు దగ్గర ఆపి, ఫోటోలు మళ్ళీ తీయనా అని అడిగారు. ఫైలు ఇంకా చూడలేదని, మంగళవారం వెళుతున్నానని చెప్పాను. తానూ వస్తానన్నారు.