బాలింతకు జ్వరమొస్తే ఆగొద్దు

కాన్పు అయ్యాక అందరి కళ్లూ బిడ్డ మీదే. పాలు తాగిందా, బరువు పెరిగిందా అని రోజూ చూస్తారు. తల్లికి ఒళ్లు వెచ్చబడితే మాత్రం ‘పాలు పడుతున్నాయి, అదే తగ్గుతుందిలే’ అని సర్దిచెబుతారు. ఈ సర్దుబాటు ప్రాణాల మీదికి తెస్తోంది. కాన్పు తర్వాత 42 రోజుల్లోపు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 100.4 ఫారన్‌హీట్‌కు చేరితే, కాదని తేలేదాకా దాన్ని ఇన్‌ఫెక్షన్‌గానే చూడాలి.

మాయ ఊడిన చోట గర్భాశయం లోపల పచ్చి పుండు ఉంటుంది. బ్యాక్టీరియాకు అదే దారి. సిజేరియన్ అయితే ముప్పు ఇంకా ఎక్కువ. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా సోకితే కొన్ని గంటల్లోనే పరిస్థితి చెయ్యి దాటిపోవచ్చు. పైగా ప్రతిసారీ జ్వరం రాదు. గుండె దడ, ఆయాసం, పొత్తికడుపులో తగ్గని నొప్పి, దుర్వాసనతో స్రావం, మాటల్లో తడబాటు... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

వైద్యులు చేతులు కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు చూపించారు. తోటి వైద్యుల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు కాదనేవాళ్లు లేరు, కానీ రద్దీగా ఉన్న ప్రసూతి వార్డులో ఆ పని ప్రతిసారీ జరుగుతోందా? ఆఫ్రికా దేశాలైన మలావీ, ఉగాండాల్లో ఆస్పత్రి సిబ్బందికి చేతుల శుభ్రత, ఇన్‌ఫెక్షన్ నివారణ, సెప్సిస్‌ను (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని) తొందరగా పసిగట్టి సెలైన్, యాంటీబయాటిక్స్ వెంటనే మొదలుపెట్టడం నేర్పించి, ఆ పద్ధతిని నిలబెట్టారు. ఇన్‌ఫెక్షన్ వల్ల తల్లులు చనిపోవడం, తీవ్రంగా జబ్బు పడటం దాదాపు మూడో వంతు తగ్గాయని 2025లో వెలువడిన ఫలితాలు చెబుతున్నాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్నవాటినే వేళకు వాడారు. మాకు ఆశ కలిగిస్తున్నదీ, కోపం తెప్పిస్తున్నదీ ఇదే.

సిజేరియన్‌లో కోత పెట్టకముందే యాంటీబయాటిక్ ఇవ్వాలన్న నియమాన్ని ఏ ఆస్పత్రీ దాటవేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు తర్వాత తొలి 24 గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలని, ఆపై ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు తల్లీబిడ్డలను చూడాలని చెబుతోంది. ఆ మూడుసార్లూ బిడ్డ బరువుతో పాటు తల్లి ఉష్ణోగ్రత, నాడి, బీపీ కూడా రాయాలి. డిశ్చార్జి కాగితం మీద ప్రమాద లక్షణాలు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి.