చుక్క చెప్పిందే వేదం

ముక్కుకి ఇక రిటైర్మెంట్ ఇచ్చేశారండీ. చేప పాడైందో లేదో ఇప్పుడు ప్యాకెట్ మీది చుక్క చెబుతుంది. ఎర్ర క్యాబేజీలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగును పల్చటి పొరలాంటి ఫిల్ములో కలిపి ఆ చుక్క చేస్తారు. చేప కుళ్ళేటప్పుడు అమైన్లనే ఆవిర్లు వస్తాయి, అవి తగలగానే గులాబీ చుక్క ఊదా అయి, నీలమై, ఆకుపచ్చకి తిరుగుతుంది. ఫిల్మేమో రొయ్య పెంకుల్లోంచి తీసిన కైటోసాన్ అనే పదార్థం, అది సూక్ష్మజీవుల్ని కూడా కాస్త ఆపుతుంది. సైన్సుకు దండం.

దండం పెట్టుకునే మొన్న రాత్రి ఫ్రిజ్ తెరిచాం. "గులాబీయే" అన్నాను. "ఊదా" అంది మా ఆవిడ. లోపలి బల్బు మీద అనుమానంతో ట్యూబ్‌లైట్ కిందికి తెస్తే నీలం, బాల్కనీలోకి తీసుకెళ్తే బూడిద రంగు. మావాడు ఫొటో తీసి, ఫిల్టర్ వేసి మళ్ళీ గులాబీ చేశాడు. ఈ పంచాయితీ తెమిలేసరికి చేప ముప్పావుగంట బయటే ఉంది, పాపం చుక్కకీ టెన్షన్ వచ్చినట్టుంది. చివరికి మా అత్తగారు వచ్చి, ప్యాకెట్ చింపి, వాసన చూసి "బానే ఉంది, పొయ్యి మీద పెట్టండి" అని వెళ్ళిపోయారు.

ఆ చింపిన ప్యాకెట్ సంగతి. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, "మట్టిలో కలిసిపోతుంది" అని. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "పారిశ్రామిక కంపోస్టింగ్‌లో మాత్రమే" అని. ట్రే పీఎల్‌ఏ అనే, మొక్కల నుంచి తీసే ప్లాస్టిక్‌తో చేసిందట, అది కుళ్ళాలంటే 58 డిగ్రీల దాకా వేడి వారాల తరబడి కావాలి. మా పెరడు అంత కాగితే ప్యాకెట్ కంటే ముందు నేనే ఎరువవుతాను.

సరే, నవ్వింది చాలు. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క, అందులో 60 శాతం ఇళ్ళలోంచే. అదే ప్రపంచంలో అదే ఏడాది 78 కోట్ల మంది దాకా ఆకలితో ఉన్నారు. లోపలున్నది లక్షణంగా ఉన్నా, అట్ట మీది తేదీ దాటిందని చెత్తబుట్టలో పడేస్తాం! తేదీ అంటే ఎవరో ముందే వేసిన అంచనా, చుక్క అలా కాదు, లోపల జరుగుతున్నది చెబుతుంది. అందుకే ఎంత వెక్కిరించినా ఆ చుక్క అన్ని ప్యాకెట్ల మీదికీ రావాలనే నా కోరిక. కానీ నిజం చెప్పేదాన్ని అమ్మేవాడు బతకనిస్తాడా?

నిన్న తెచ్చిన ప్యాకెట్ మీద ఎంత వెతికినా చుక్క కనిపించలేదు. సరిగ్గా అది ఉండాల్సిన చోట గుండ్రంగా, ఎర్రగా "సగం ధరకే" స్టిక్కర్. గోటితో గీకాను. సిగ్గు లేదూ వీళ్ళకి? కింద ఆకుపచ్చ. ఈసారి రంగు గురించి మా ఇంట్లో ఎవరూ వాదించుకోలేదు.